అతిథి గదిని బాగు చేయించే ముందు ఒక రాత్రి అందులో పడుకోండి

ఇంట్లో ఒక గదినో, మేడమీది భాగాన్నో డబ్బు తీసుకుని అతిథులకు ఇద్దామనుకున్నారు. ఇల్లు కాస్త పాతబడింది కాబట్టి ముందు మరమ్మతులు, తర్వాత ముస్తాబు. ఇలా అనుకోగానే చాలామంది చేసే మొదటి పని ఫోన్‌లో అందమైన గదుల ఫొటోలు చూడటం. రెండోది రంగుల పుస్తకం తెప్పించుకోవడం. నేనూ అంతే చేశాను. లేత ఆకుపచ్చ రంగు వేయించి, దానికి తగ్గ కర్టెన్లు కుట్టించి మురిసిపోయాను. మూడు నెలలు తిరక్కుండానే కిటికీ పక్క గోడ పొక్కులు లేచింది. పెచ్చులు రాలి కొత్త దుప్పటి మీద పడేవి. ఆ చెమ్మ కొత్తగా వచ్చింది కాదు. అంతకుముందు అక్కడ బీరువా ఉండేది, దాని వెనక ఏం జరుగుతోందో నేను చూడలేదు, అంతే. గోడ గీకించి, లోపల కారుతున్న పైపు మార్పించి, మళ్ళీ లప్పం, మళ్ళీ రంగు. ఒకే గోడకు రెండుసార్లు కూలి కట్టుకున్నాను.

ఆ దెబ్బతో పనుల వరుస మార్చుకున్నాను. మన ఇంట్లో స్విచ్ ఎక్కడుందో చీకట్లో కూడా మన చేతికి తెలుసు. ఏ కుళాయి ఎటు తిప్పితే వేడినీళ్ళు వస్తాయో తెలుసు. వచ్చినవాళ్ళకు ఇవేవీ తెలియవు. వాళ్ళు మీ గది అందాన్ని చూసేది మొదటి పావుగంటే. మిగతా సమయమంతా అందులో నిద్రపోతారు, స్నానం చేస్తారు, పెట్టె సర్దుకుంటారు. వాళ్ళు వెళ్ళాక రెండు మూడు గంటల్లో ఆ గదిని మళ్ళీ కొత్తదానిలా చేయాల్సింది మీరు. ఏ వస్తువు కొన్నా, ఏ పని చేయించినా ఈ రెండు ప్రశ్నలు వేసుకోండి: చీకట్లో, నిద్రమత్తులో, కొత్తవాళ్ళకు ఇది పనికొస్తుందా? దీన్ని తొందరగా శుభ్రం చేయొచ్చా?

1. నోటుపుస్తకంతో ఒక రాత్రి

మేస్త్రీని పిలవకముందే ఈ పని చేయండి. రెండు రోజులకు సరిపడా బట్టలు ఒక పెట్టెలో సర్దుకుని, చీకటి పడ్డాక, బయటి నుంచి వచ్చినట్టుగా గదిలోకి వెళ్ళండి. ఇంట్లో మిగతా గదుల వైపు పోకండి. ఏదైనా కావాల్సి వస్తే తెచ్చుకోకుండా పుస్తకంలో రాసుకోండి.

తాళం తీసేటప్పుడు తాళంకప్ప మీద వెలుతురు పడుతోందా? పెట్టెను నేలమీద తెరిస్తే నడవడానికి దారి మిగిలిందా? ఫోన్ చార్జింగ్‌కు పెట్టి మంచంమీద పడుకుని మాట్లాడగలుగుతున్నారా, లేక గోడకు ఆనుకుని నిలబడాలా? లైటు ఆర్పడానికి మంచం దిగాల్సి వస్తోందా? స్నానం చేస్తే తడి తువాలు ఎక్కడ ఆరేశారు? సబ్బు ఎక్కడ పెట్టారు? అర్ధరాత్రి బాత్రూమ్‌కు వెళ్తే కాలికి ఏది తగిలింది? పక్కగదిలో మాటలు ఎంత స్పష్టంగా వినిపించాయి? తెల్లవారుజామున వెలుతురు సూటిగా కళ్ళమీద పడిందా?

నా పుస్తకంలో ఆ ఒక్క రాత్రికే ఇరవై ఏడు విషయాలు చేరాయి. వాటిలో గోడ రంగు గురించి ఒక్కటీ లేదు.

వీలైతే ఇంకో రాత్రి ఈ ఇల్లు అసలు తెలియని మనిషిని పడుకోబెట్టండి. వాళ్ళకు ఏదీ ముందే చెప్పకండి. పొద్దున్నే అడగండి. మొహమాటానికి "అంతా బాగుంది" అంటారు, అక్కడితో వదలకండి. "స్విచ్ వెతుక్కున్నారా? వేడినీళ్ళకు ఎంతసేపు పట్టింది?" అని విడివిడిగా అడిగితే అసలు సంగతులు బయటికొస్తాయి.

2. అనుమతులు, డబ్బు

ఇక్కడ ఎక్కువ సేపు ఆగను, కానీ ఈ పని దాటేయకండి. ఇంట్లో అతిథులకు గది ఇవ్వడానికి రిజిస్ట్రేషన్, అగ్నిమాపక నిబంధనలు, పన్ను ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి. గోడలు కొట్టక ముందే మీ స్థానిక సంస్థలో కనుక్కోండి, ఎందుకంటే కొన్ని నిబంధనలు గది కొలతలనో, బయటికి వెళ్ళే దారినో మార్పించేలా ఉండొచ్చు. అపార్ట్‌మెంట్ అయితే సంఘం ఒప్పుకోవాలి. ఇంటికి బీమా ఉంటే, డబ్బిచ్చి ఉండే అతిథుల విషయం కంపెనీకి చెప్పి, ఆ పాలసీ వర్తిస్తుందో లేదో రాతపూర్వకంగా అడగండి. మామూలు గృహబీమా చాలాసార్లు దీనికి వర్తించదు.

డబ్బు విషయంలో మూడు వరుసలు గీయండి. మొదటి వరుసలో ప్రమాదం కలిగించేవి: కారే పైపు, కాలిన వైరు, ఊగే రెయిలింగ్. రెండో వరుసలో నిద్రకు, స్నానానికి సంబంధించినవి. మూడో వరుసలో కంటికి ఇంపైనవి. మొత్తంలో 15 శాతం ఎవరికీ చెప్పకుండా పక్కన పెట్టండి, బాగా పాత ఇల్లయితే 20 శాతం. గోడ పగలగొడితే లోపల ఏముంటుందో మేస్త్రీకీ తెలియదు. డబ్బు చాలకపోతే కోత మూడో వరుస నుంచి మొదలుపెట్టాలి. మనకు చేయబుద్ధేసేది మాత్రం దీనికి తలకిందులు.

3. నీళ్ళ సంగతి తేల్చుకోండి

ఇంటి మరమ్మతుల్లో సగం నీళ్ళతో పోరాటమే. అందుకే ఇక్కడ తాపీగా ఉండండి.

ముందు గోడలన్నిటి నుంచీ సామాను ఒక అడుగు వెనక్కి జరిపి చూడండి. మరక, ఉప్పులాంటి తెల్లటి పొడి, పొక్కులు, మగ్గిన వాసన, వీటిలో ఏది కనిపించినా ఆగిపోవాలి. చెమ్మ గోడ లోపలి నుంచి వస్తోందా, లేక గదిలోని గాలి చల్లటి గోడకు తగిలి నీరుగా మారుతోందా అన్నది తెలుసుకోవడానికి ఒక చిన్న ఉపాయం ఉంది. అడుగున్నర పలకంత పారదర్శకమైన ప్లాస్టిక్ షీటును గోడకు నాలుగు వైపులా గాలి దూరకుండా టేపుతో అంటించి, రెండు రోజులు వదిలేయండి. తడి షీటుకూ గోడకూ మధ్య చేరితే గోడలోనే నీరుంది: పైపో, పైకప్పో, పునాదో చూడాలి. తడి గది వైపున పడితే లోపం గాలి ఆడకపోవడంలో ఉంది. అప్పుడు ఎగ్జాస్ట్ ఫ్యాన్, కిటికీ తీయడం, కాస్త వేడి, ఇవే మందు. చెమ్మ కనబడనివ్వని పెయింట్లు అమ్ముతారు. మూలం కట్టకుండా అవి పూస్తే కొన్నాళ్ళు కనబడదు, అంతే.

బాత్రూమ్‌ను పూర్తిగా పగలగొట్టి కట్టిస్తుంటే, వాటర్‌ప్రూఫింగ్ పూత ఆరాక టైల్స్ వేయనివ్వకుండా ఆపండి. నీళ్ళు పోయే రంధ్రాన్ని మూసి, రెండు అంగుళాల ఎత్తున నీళ్ళు నిలబెట్టి, గోడమీద పెన్సిల్‌తో గీత గీసి, 24 నుంచి 48 గంటలు ఉంచండి. గీత కిందికి బాగా దిగినా, కింది గది కప్పు తడిసినా పూత మళ్ళీ వేయాల్సిందే. పనివాళ్ళు తొందరపెడతారు. రెండు రోజులు పని ఆగితే వాళ్ళకు నష్టం కాబట్టి ముందే మాట్లాడుకోండి.

నేలకు వాటం సరిగ్గా ఉండాలి. మీటరుకు ఒకటి నుంచి రెండు సెంటీమీటర్ల వాలు చాలు. టైల్స్ పరిచాక ఒక బకెట్ నీళ్ళు గుమ్మరించి, ఎక్కడైనా మడుగు కట్టిందేమో సిమెంటు గట్టిపడక ముందే చూసుకోండి. బాత్రూమ్ నేలకు మెరిసే టైల్స్ వద్దు. చాలా కంపెనీలు పట్టును ఆర్ 9 నుంచి ఆర్ 13 దాకా అంకెలతో చెబుతాయి, అంకె పెరిగేకొద్దీ జారడం తగ్గుతుంది. ఆర్ 10 గానీ ఆర్ 11 గానీ తీసుకోండి. మరీ గరుకైనది తీసుకుంటే గరుకులో మురికి ఇరుక్కుని, కడిగేవాళ్ళ నడుము విరుగుతుంది. టైల్స్ సందుల్లో మామూలు సిమెంటు గ్రౌట్ కంటే ఎపాక్సీ గ్రౌట్ ఖరీదు, వేయడం కష్టం, కానీ మరకలు పట్టదు. రోజూ కొత్త మనుషులు వాడే బాత్రూమ్‌లో ఆ ఖర్చు తిరిగొస్తుంది.

వేడినీళ్ళ దగ్గర రెండు భయాలున్నాయి, అవి ఒకదానికొకటి ఎదురు లాగుతాయి. నిలవ ఉన్న గోరువెచ్చటి నీళ్ళలో, దాదాపు 20 నుంచి 45 డిగ్రీల మధ్య, లెజియోనెల్లా అనే బాక్టీరియా పెరుగుతుంది. ఆ నీటి తుంపరలు పీల్చుకుంటే తీవ్రమైన న్యుమోనియా రావచ్చు. అందుకే ట్యాంకులో నీళ్ళు 60 డిగ్రీల దగ్గర ఉంచమంటారు. కానీ 60 డిగ్రీల నీళ్ళు ఒంటిమీద పడితే కొన్ని సెకన్లలోనే బొబ్బలెక్కుతుంది. రెండిటికీ పరిష్కారం థర్మోస్టాటిక్ మిక్సింగ్ వాల్వ్. ట్యాంకులో వేడి అలాగే ఉంచి, కుళాయికి వచ్చేసరికి చల్లనీళ్ళు కలిపి తగ్గిస్తుంది. పిల్లలతో, పెద్దవాళ్ళతో వచ్చే అతిథులుంటారు కాబట్టి దీన్ని విలాసం అనుకోవద్దు.

అతిథి గదికి మన గదికి లేని ఇంకో ఇబ్బంది ఉంది: అది వారాల తరబడి ఖాళీగా ఉంటుంది. డ్రెయిన్ కింద ట్రాప్ అనే వంపులో నిలిచిన నీళ్ళే మురుగు వాసనను అడ్డుకుంటాయి. వాడకం లేకపోతే ఆ నీళ్ళు ఆవిరైపోయి గదంతా కంపు కొడుతుంది. అతిథి రాగానే ఆ వాసన తగిలితే ఎంత అందమైన గదైనా వృథా. ఖాళీగా ఉన్నన్నాళ్ళూ వారానికోసారి ప్రతి డ్రెయిన్‌లో ఒక చెంబుడు నీళ్ళు పోయండి, ప్రతి కుళాయీ కొన్ని నిమిషాలు వదలండి. పైపుల్లో నిలవ నీరు పోవడానికి కూడా ఇదే మార్గం. షవర్ వదిలేటప్పుడు తుంపరలు పీల్చకుండా పక్కకు జరగండి.

గ్యాస్‌తో నడిచే గీజర్ ఉంటే బాత్రూమ్ లోపల ఉంచకండి. గాలి సరిగా ఆడకపోతే వచ్చే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకు రంగూ వాసనా ఉండవు. స్నానానికి వెళ్ళినవాళ్ళకు తల తిరుగుతున్నట్టు తెలిసేలోపే స్పృహ పోవచ్చు. దాన్ని బయటికి మార్పించండి, లేదా కరెంటు గీజర్ పెట్టించండి.

4. గోడలు పూడ్చకముందే కరెంటు

పాత వైరింగ్ మీద కొత్త లప్పం పూయించడం అప్పు మీద అప్పు చేయడంలాంటిది. ఎలక్ట్రీషియన్ చేత ముందు ఎర్తింగ్ పరీక్ష చేయించండి. 30 మిల్లీ ఆంపియర్లకు తెగిపోయే లీకేజీ బ్రేకర్ పెట్టించండి. తడి చేత్తో స్విచ్ ముట్టే మనుషులు ఉండే ఇంట్లో ఇది ప్రాణం కాపాడుతుంది. దాని మీద చిన్న టెస్ట్ బటన్ ఉంటుంది, నెలకోసారి నొక్కి చూడండి.

మంచానికి రెండు పక్కలా రెండేసి ప్లగ్ పాయింట్లు, తలగడ దగ్గర నుంచే ఆర్పగలిగే లైటు, తలుపు దగ్గరా మంచం దగ్గరా పనిచేసే టూవే స్విచ్. ఈ మూడూ గోడ తెరిచి ఉన్నప్పుడు చేయిస్తే చిన్న పని, తర్వాతైతే గోడ మళ్ళీ కోయాలి. మంచం ఎక్కడ వస్తుందో నేలమీద సుద్దముక్కతో గీసి, అప్పుడు పాయింట్ల స్థానం చెప్పండి. నేను నోటిమాటగా చెప్పాను. పాయింటు సరిగ్గా మంచం తలాపి చెక్క వెనక్కి వచ్చింది.

ప్లాస్టర్ చేసే ముందు టేపు కొలత గోడకు ఆనించి ప్రతి గోడనూ ఫొటో తీసి దాచుకోండి. రెండేళ్ళ తర్వాత ఒక పటం తగిలించడానికి డ్రిల్ పెట్టినప్పుడు ఏ పైపు ఎక్కడుందో ఆ ఫొటోయే చెబుతుంది.

పొగ అలారాలు ప్రతి పడకగదిలోనూ, బయట నడవలోనూ పెట్టించండి. ఇంట్లో గ్యాసో, కట్టెలో, బొగ్గో మండితే కార్బన్ మోనాక్సైడ్ అలారం కూడా. పొగ అలారాన్ని పదేళ్ళకు మార్చాలి. అది తయారైన తేదీ వెనకే ఉంటుంది. తలుపు, కిటికీ గ్రిల్ ఏదైనా సరే లోపలి నుంచి తాళంచెవి వెతక్కుండా తెరుచుకునేలా ఉండాలి. బయటివాళ్ళను ఆపాలనే ఆలోచనలో లోపలివాళ్ళను బంధించే గ్రిల్స్ చాలా ఇళ్ళలో ఉన్నాయి.

5. చప్పుడు

గోడకు ముళ్ళ స్పంజి అంటిస్తే పక్కగది చప్పుడు ఆగిపోతుందని ఒక నమ్మకం ఉంది. ఆగదు. స్పంజి, కర్టెన్, తివాచీ గదిలో ప్రతిధ్వనిని తగ్గిస్తాయి. పక్క నుంచి వచ్చే శబ్దాన్ని ఆపేది బరువు, సందు లేకపోవడం. కాబట్టి ముందు తలుపు చూడండి. లోపల డొల్లగా ఉండే తలుపు బదులు నిండు చెక్క తలుపు పెట్టించి, చట్రం చుట్టూ రబ్బరు పట్టీ, కింద డోర్ సీల్ వేయిస్తే తేడా వెంటనే తెలుస్తుంది. తలుపు కింద అరంగుళం సందు వదిలి గోడలకు ఎంత ఖర్చు పెట్టినా మాటలు అందులోంచే వస్తాయి. అలా మూశాక గాలి వచ్చే దారి వేరే ఉండేలా మాత్రం చూసుకోండి.

చిన్న చప్పుళ్ళను తక్కువగా అంచనా వేయొద్దు. కిర్రుమనే బందులు, అరలు మూస్తే టప్పున కొట్టుకోవడం, రాత్రంతా టిక్‌టిక్‌మనే గడియారం. బందులకు నూనె, అరల అంచులకు చిన్న రబ్బరు చుక్కలు, గడియారం పక్కగదికి.

6. ఇప్పుడు రంగు

కొన్ని దశాబ్దాల నాటి ఆయిల్ పెయింట్ ఉన్న తలుపులు, కిటికీలు గీకే ముందు ఒక్క క్షణం ఆగండి. పాత పెయింట్లలో సీసం ఉండే అవకాశం ఉంది. పొడిగా ఇసుక కాగితంతో రుద్దితే ఆ ధూళి గాల్లో లేస్తుంది, పిల్లలకు మరీ ప్రమాదం. పరీక్ష చేయించండి. సీసం ఉందని తేలితే ఆ పని తెలిసినవాళ్ళకే అప్పగించండి. పాత సిమెంటు రేకుల విషయంలోనూ అంతే. వాటిలో ఊపిరితిత్తులకు చేటు చేసే ఆస్బెస్టాస్ నార ఉండొచ్చు కాబట్టి కోయించడం, డ్రిల్ చేయించడం వద్దు.

కొత్త సిమెంటు ప్లాస్టర్ మీద రంగుకు సుమారు నాలుగు వారాలు ఆగండి. ఆరని గోడకు రంగు వేస్తే పొక్కుతుంది. నా మొదటి గోడ కథ గుర్తుంది కదా.

అచ్చమైన మ్యాట్ పెయింట్ ఫొటోలో బాగుంటుంది, గోడ ఎగుడుదిగుళ్ళను కూడా దాస్తుంది. కానీ పెట్టె చక్రం తగిలిన మరకను తడిగుడ్డతో తుడిస్తే ఆ చోట మెరుపు తేలి ఇంకా వికారంగా కనిపిస్తుంది. పడకగదికి, నడవకు తుడవగలిగే శాటిన్ రకం, బాత్రూమ్‌కు అంతకంటే కొంచెం నిగారింపు ఉన్నది, కప్పుకు మాత్రం మ్యాట్. రంగుల పుస్తకంలోని గోరంత ముక్క చూసి ఎంచుకోకండి. పెద్ద అట్టకు రెండు పూతలు వేసి, గదిలో గోడ తర్వాత గోడకు ఆనిస్తూ పొద్దున, సాయంత్రం, లైటు కింద చూడండి. అతిథులు ఎక్కువసేపు ఉండేది రాత్రి కాబట్టి లైటు కింద బాగున్నదే తీసుకోండి. నేనైతే గదులన్నిటికీ ఒకే రంగు వేయిస్తాను. ఒక డబ్బా దాచుకుంటే ఎక్కడ గీత పడినా పది నిమిషాల్లో సరిచేయొచ్చు. డబ్బా మూత మీద షేడ్ నంబరు, తేదీ రాసి పెట్టండి. కొత్త గది అన్న తొందరలో రంగు వాసన పోకముందే అతిథిని దింపకండి. కిటికీలు తెరిచి కొన్ని రోజులు వదిలేయండి.

నేల గురించి ఒకే మాట. గది నేల చీపురుకూ తుడుపుగుడ్డకూ లొంగేదై ఉండాలి. గోడ నుంచి గోడకు తివాచీ వద్దు. మంచం పక్కన కాలు పెట్టేచోట చిన్నది, ఉతకగలిగేది వేయండి, కింద జారకుండా రబ్బరు జాలీ పరచండి.

7. మంచం, పరుపు, నల్లుల సంగతి

డబ్బు ఎక్కడ ధారాళంగా ఖర్చు పెట్టాలంటే పరుపు దగ్గరే. మరీ మెత్తనిదీ కాదు, రాయిలాంటిదీ కాదు, మధ్యరకం ఎక్కువమందికి సరిపోతుంది. కొనే ముందు పదిహేను నిమిషాలు పక్కకు తిరిగి పడుకుని చూడండి. దిండ్లు రెండు రకాలు పెట్టండి, ఒకటి పలచనిది, ఒకటి ఎత్తైనది. మంచానికి రెండు పక్కలా కనీసం 60 సెంటీమీటర్లు ఉండాలి. గది చిన్నదైతే పెద్ద మంచం ఆశ వదులుకోండి. ఇద్దరు వచ్చి ఒకరు గోడవైపు ఇరుక్కుంటే, రాత్రి లేవాల్సినప్పుడు రెండోవాళ్ళకూ నిద్రాభంగం.

నల్లుల గురించి ఎవరూ ముందు మాట్లాడరు, వచ్చాక మాట్లాడటానికి సిగ్గుపడతారు. ఇవి మురికి వల్ల పుట్టవు, అతిథుల పెట్టెల్లో ప్రయాణం చేసి వస్తాయి. తిండి లేకుండా నెలల తరబడి బతకగలవు, కాబట్టి గది ఖాళీగా ఉంచితే చచ్చిపోతాయనుకోవద్దు. అందుకే సందులు, మడతలు, చెక్కడాలు తక్కువగా ఉన్న మంచం కొనండి. ఇనుప మంచమైతే ఇంకా తేలిక. మంచాన్ని గోడకు కొంచెం ఎడంగా పెట్టండి, పరుపును మొత్తంగా మూసేసే జిప్పు తొడుగు వేయండి. దానిమీద తడి దిగని ప్రొటెక్టర్. పెట్టె పెట్టుకోవడానికి నేల కంటే ఎత్తుగా ఒక స్టాండు ఇవ్వండి, లేకపోతే పెట్టె మంచమెక్కుతుంది. ప్రతి అతిథీ వెళ్ళాక పరుపు కుట్ల వెంబడి టార్చి వేసి చూడటం అలవాటు చేసుకోండి. మిరియపు పొడి చల్లినట్టు నల్లచుక్కలు కనిపిస్తే ఆ గది వెంటనే ఆపి, పెస్ట్ కంట్రోల్ వాళ్ళను పిలవాలి. బట్టలు 60 డిగ్రీల వేడినీళ్ళలో ఉతికించండి.

దుప్పట్లు, గలీబులు, తువాళ్ళు మంచానికి మూడేసి జతలు కావాలి: ఒకటి పరుపుమీద, ఒకటి ఉతుకులో, ఒకటి బీరువాలో. రెండు జతలతో నెట్టుకొద్దామనుకుంటే ముసురు పట్టిన రోజున టెన్షన్ తప్పదు. అన్నీ తెల్లవే కొనండి. మరక కనిపిస్తుందని భయం వద్దు, కనిపించడమే మేలు. తెల్లదాని మీది మరకను బ్లీచ్‌తో వదిలించొచ్చు, ఒకటి పాడైతే జత కలుపుకోవడమూ సులువు. మేకప్ తుడుచుకోవడానికి ముదురురంగు చిన్న తువాలు ఒకటి విడిగా పెడితే తెల్లవాటికి ఆయుష్షు పెరుగుతుంది.

8. వెలుతురు, కర్టెన్లు, కొక్కేలు

కప్పు మధ్య ఒకే ఒక తెల్లటి ట్యూబ్ వేలాడే గది ఎంత ఖర్చు పెట్టినా కార్యాలయంలాగే ఉంటుంది. పడకగదిలో 2700 నుంచి 3000 కెల్విన్ల మధ్య ఉన్న వెచ్చటి బల్బులు వాడండి. ఒకటి పైన, రెండు మంచం పక్కన, ఒకటి మూలన. ఒకే గదిలో పసుపు బల్బు, నీలంగా మెరిసే తెల్ల బల్బు కలపకండి. బాత్రూమ్ అద్దం దగ్గర వెలుతురు తలపై నుంచి పడితే కళ్ళ కింద నీడలు పడతాయి, అద్దానికి రెండు పక్కల నుంచి రావాలి. మంచం నుంచి బాత్రూమ్ దాకా దారిలో, నేలకు దగ్గరగా, కదలికకు వెలిగే చిన్న లైటు పెట్టండి. అతిథులు మెచ్చుకునే వాటిలో చవకైనది ఇదే. మెట్లకు, గడపకు ఎత్తు తేడా ఉన్నచోట కూడా అలాంటిదే.

కర్టెన్ కడ్డీని కిటికీ కంటే రెండు వైపులా 15, 20 సెంటీమీటర్లు పొడవుగా, పైకి కూడా కొంచెం ఎత్తుగా బిగించండి. పగలు కర్టెన్ పూర్తిగా పక్కకు జరిగి వెలుతురు వస్తుంది, రాత్రి అంచుల నుంచి వెలుగు దూరదు. లోపల బ్లాకౌట్ లైనింగ్ వేయించండి.

ఇక అలంకరణ. గోడకు రెండు మూడు పటాలు చాలు. వాటి మధ్యభాగం నేలనుంచి 145, 150 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే నిలబడినవాళ్ళ చూపుకు సరిపోతుంది. తలాపి పైన గాజు ఫ్రేము వేలాడదీయకండి. షెల్ఫుల్లో బొమ్మలు బారులు తీర్చకండి: ప్రతి బొమ్మా దుమ్ము పట్టేదే, ప్రతిదీ మీరు తుడవాల్సిందే, పగిలితే అతిథికీ మీకూ ఇబ్బందే. బొమ్మల డబ్బులతో కొక్కేలు కొనండి. నిజంగానే అంటున్నాను. తలుపు వెనక నాలుగు, బాత్రూమ్‌లో మనిషికి రెండు. కొక్కెం లేకపోతే తడి తువాలు మీ కొత్త చెక్కకుర్చీ మీదికి చేరుతుంది.

మీ కుటుంబ ఫొటోలు, మందుల పెట్టె, పాత కాగితాలు ఆ గదిలోంచి తీసేయండి. బీరువాలో సగం మీ సామాను ఉంచి సగం అతిథికి ఇస్తే వాళ్ళకు ఎప్పుడూ ఇంకొకరి గదిలో ఉన్నట్టే ఉంటుంది. తప్పనిసరైతే మీ భాగానికి తాళం వేయండి. గుమ్మం బయట కెమెరా ఉంటే ముందే చెప్పండి. గది లోపల కెమెరా మాటే వద్దు. ఇంటర్నెట్‌కు రౌటర్‌లో అతిథుల కోసం విడి నెట్‌వర్క్ పెట్టి, మంచంమీద కూర్చుని వీడియో కాల్ చేసి చూడండి.

9. తెరిచే ముందు

మొదటి నోటుపుస్తకం తీసుకుని అదే గదిలో మళ్ళీ ఒక రాత్రి పడుకోండి. రాసుకున్నవి ఒక్కొక్కటే కొట్టేయండి. బాల్కనీ ఉంటే రెయిలింగ్‌ను బలంగా ఊపి చూడండి. ఊచల మధ్య 10 సెంటీమీటర్లకు మించి ఎడం ఉంటే చిన్నపిల్లలు దూరగలరు, సరిచేయించండి.

తర్వాత గడియారం పెట్టుకుని గది మొత్తం శుభ్రం చేయండి: పక్కబట్టలు మార్చడం, బాత్రూమ్ కడగడం, నేల తుడవడం. నాకు మొదటిసారి మూడు గంటల పైన పట్టింది. ఎక్కడ సమయం పోయిందో చూస్తే, మంచం కిందికి చీపురు పోకపోవడం ఒకటి, షవర్ గాజు తలుపు మీద నీటి మరకలు రెండోది. మంచం కాళ్ళు ఎత్తు చేయించాను. గాజు తలుపు తీసేసి కర్టెన్ వేశాను. అందం కొంచెం తగ్గింది, గంట సమయం మిగిలింది.

ఫొటోలు అన్నిటికంటే చివర. పగటి వెలుతురులో, ఛాతీ ఎత్తు నుంచి, గది మూల నిలబడి తీయండి. గదిని హాలంత చేసి చూపించే వైడ్ లెన్స్ వద్దు. మెట్లు నిటారుగా ఉంటే మెట్ల ఫొటో కూడా పెట్టండి. బాత్రూమ్ గది బయట ఉంటే ఆ దారి కూడా. మోకాళ్ళ నొప్పులున్న పెద్దావిడ పెట్టెతో వచ్చి ఆ మెట్ల కింద నిలబడి పైకి చూడాల్సిన అవసరం రాదు.